గోలీ ఇచ్చేటప్పుడు మనల్ని ఎవరైనా ఏమైనా అడిగారా?



ఇది పెద్ద పోస్టు. గర్భం రాకుండా వేసుకునే గోలీల గురించి. ఈ మాట చూడగానే కొంతమంది అన్నలు "ఇది ఆడోళ్ల ముచ్చట" అని పైకి జరిపేస్తారని మాకు తెలుసు. జరపొద్దు, మీ గురించి కూడా ఉంది. ఇంకొంతమంది "హాస్టల్లో చదువుకునే ఆడపిల్లలకి ఈ గోలీలతో పనేంటి?" అంటారు. దానికి కూడా జవాబు రాశాం. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

రాసేది ఒక్కరం కాదు. మా రూములో ఆరుగురం ఉంటాం. అందులో అయిదుగురం కూర్చుని రాస్తున్నాం. కోయ పిల్లలం ఉన్నాం, లంబాడా పిల్లలం ఉన్నాం, ఒకరు కొండరెడ్డి. అందరికీ ఇరవై ఏళ్లు అటూ ఇటూ. మా ఇళ్లల్లో కాలేజీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. కాలేజీ పేరు, ఊరి పేరు రాయట్లేదు. రాస్తే ఆ ఆరో పిల్ల ఎవరో తెలిసిపోతుంది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాం. ఆమె రెండు మాటలు కూడా తీసుకుంది మా దగ్గర, అవి చివర్లో చెప్తాం.

ఆమెకి నెలసరి వస్తే పది రోజులు ఆగేది కాదు. క్లాసులో బెంచీ మీద నుంచి లేవాలంటే భయపడేది. ముఖం తెల్లగా పాలిపోయి ఉండేది. మేము "బీట్‌రూట్ తిను, ఖర్జూరం తిను" అనేవాళ్లం. సెలవులకి ఇంటికి పోయినప్పుడు వాళ్ల పెద్దమ్మ కూతురు "నాకూ ఇట్లనే ఉండేది, ఈ గోలీలు వాడితే తగ్గింది" అని ఒక షీటు చూపించింది. మా పిల్ల దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుంది. తిరిగి వచ్చాక బస్టాండు దగ్గర మందుల షాపులో ఆ ఫోటో చూపించి "అన్నా, ఇవి కావాలి" అంది. ఆయన ఇచ్చాడు. డబ్బులు తీసుకున్నాడు. అంతే. వయసు అడగలేదు, చీటీ అడగలేదు, బీపీ ఉందా, ఇంకేమైనా జబ్బు ఉందా, ఏమీ అడగలేదు. షీటు చుట్టి కవర్లో వేసి ఇచ్చాడు. అందులో ఉండే సమాచార కాగితం డబ్బాతో పాటు షాపులోనే ఉండిపోయింది.

మొదటి నెల బాగానే ఉంది. రక్తం తగ్గింది. ఆమె నవ్వుతూ తిరిగింది. రెండో నెలలో ఎడమ కాలి పిక్క నొప్పి అంది. ఆమెకి చిన్నప్పటి నుంచి కీళ్ల నొప్పులు ఉన్నాయి, చలికాలం వస్తే మూలుగుతూ పడుకునేది. ఇది కూడా అదే అనుకున్నాం. రెండు రాత్రులు కొబ్బరినూనె వేడి చేసి కాలు గట్టిగా పిసికాం. ఒకరు అలిసిపోతే ఇంకొకరు. ఈ మాట రాయడం మాకు ఎంత కష్టంగా ఉందో మీకు చెప్పలేం. ఎందుకో కింద చెప్తాం.

మూడో రోజు పొద్దున ఆ కాలికి చెప్పు పట్టలేదు. ఎడమ పిక్క కుడి పిక్క కంటే లావుగా, ఎర్రగా, ముట్టుకుంటే కాలుతూ ఉంది. ఫైనలియర్ అక్క చూసి మమ్మల్ని తిట్టి, వార్డెన్ మేడంకి చెప్పి ఆటో పిలిచింది. ఆసుపత్రిలో డాక్టర్ "ఏమ్మా, ఏమైనా మందులు వాడుతున్నావా?" అని అడిగారు. ఆమె మా వైపు చూసి "లేదు సార్" అంది. పక్కన వార్డెన్ మేడం నిలబడి ఉన్నారు. అట్లా ఆ మొదటి గంట ఒక అబద్ధంతో పోయింది. తర్వాత రక్తం తీసుకోవడానికి వచ్చిన సిస్టర్ చెవిలో చెప్పింది.

కాలి లోపలి రక్తనాళంలో గడ్డ కట్టింది. అట్లాంటి కాలుని పిసకకూడదు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకి పోతే ప్రాణం పోతుంది. మేము ఆమెకి సేవ చేస్తున్నాం అనుకుని ఆ పనే చేశాం.

ఇంకో సంగతి కూడా ఆ ఆసుపత్రిలోనే బయటపడింది. ఆమెకి సికిల్ సెల్ జబ్బు ఉంది. ఇంటర్లో ఉన్నప్పుడు క్యాంపు పెట్టి రక్తం తీశారు, కార్డు ఇచ్చారు. ఆ కార్డు వాళ్ల నాన్న ట్రంకు పెట్టెలో రేషన్ కార్డు, పట్టా కాగితాల కింద ఉంది. దాంట్లో ఏం రాసిందో ఇంట్లో చదివినవాళ్లు లేరు. ఆమె కూడా చూడలేదు. "అదేదో గవర్నమెంటు కార్డు" అనుకున్నారంతే.

డాక్టర్ సార్ మాకు చెప్పింది ఇది: ఫలానా దానివల్లే అని వేలు పెట్టి చూపించలేం. సికిల్ జబ్బు ఉన్నవాళ్లకి రక్తం గడ్డకట్టే గుణం ముందే ఎక్కువ. ఈస్ట్రోజన్ ఉన్న గోలీ దానికి తోడైంది. ముందే ఒక్కరు అడిగి ఉంటే ఆమెకి వేరే మందు ఇచ్చేవాళ్లు.

ఇప్పుడు ఆమె బాగుంది. మందులు వాడుతోంది, క్లాసుకి వస్తోంది. కానీ కథ ఇక్కడితో అయిపోలేదు. మేము ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆ తర్వాత జరిగింది.

హాస్టల్ అంతా "గోలీ వేసుకుంటే కాళ్లు వాస్తాయంట, చచ్చిపోతారంట" అని పాకింది. డాక్టర్ రాసిన గోలీలు వాడే ఇద్దరు పిల్లలు షీటు మధ్యలో ఆపేశారు. పెళ్లయి చదువుకుంటున్న ఒక అక్క కూడా ఆపేసింది. ఆమెకి బీపీ లేదు, సికిల్ లేదు, ఏడాదిగా ఏ ఇబ్బందీ లేకుండా వాడుతోంది. ఆపేసి సెలవులకి ఇంటికి పోయింది. తిరిగొచ్చిన నెలకి ఆమెకి విషయం తెలిసింది. ముందు పరీక్షలు. ఆమె ఏం నిర్ణయం తీసుకుందో అది ఆమె సొంత విషయం, రాయం. కానీ ఆ రాత్రి ఆమె మెట్ల మీద కూర్చుని ఏడ్చింది మేమందరం చూశాం.

అంటే ఒకరిని ఏమీ అడగకుండా ఇచ్చిన గోలీ దెబ్బతీసింది. ఇంకొకరిని ఏమీ తెలుసుకోకుండా పుట్టిన భయం దెబ్బతీసింది. మా ఉద్దేశంలో రెండూ ఒకటే.

ఇప్పుడు "హాస్టల్ పిల్లలకి గోలీలతో పనేంటి" అనే ప్రశ్నకి వద్దాం. నెలసరి క్రమంగా రాక, రక్తం ఎక్కువ పోయి, పీసీఓడీ ఉండి డాక్టర్ రాస్తే వాడేవాళ్లు ఉన్నారు. పెళ్లయినవాళ్లు ఉన్నారు. పెళ్లి కాకుండా ప్రేమలో ఉన్నవాళ్లు ఉన్నారు, అబద్ధం చెప్పి ఏం లాభం? ఎవరు ఎందుకు వేసుకున్నా లోపలికి పోయాక గోలీ చేసే పని ఒకటే. రక్తం గడ్డకి పెళ్లయిందా కాలేదా అనేది తెలియదు. మనం క్యారెక్టర్ గురించి మాట్లాడుకుంటూ కూర్చుంటే బీపీ చూడాల్సిన మాట పక్కకి పోతుంది.

మేము ఆ తర్వాత ఆసుపత్రి సిస్టర్‌ని, మా ఊరి ఏఎన్ఎం మేడంని అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాం. ఇది డాక్టర్ సలహాకి బదులు కాదు. డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు ఏం అడగాలో తెలియడానికి.

రోజూ వేసుకునే గోలీలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అని రెండు హార్మోన్లు ఉంటాయి. ఇవి అండం విడుదల కాకుండా ఆపుతాయి. సబ్‌సెంటర్‌లో, ఆశా అక్క దగ్గర ఉచితంగా దొరికే మాలా-ఎన్ కూడా ఈ రకమే. షీటులో 28 గోలీలు ఉంటాయి. 21 తెల్లవి హార్మోన్ గోలీలు, 7 ముదురు రంగువి ఇనుము గోలీలు. ఆ ముదురు రంగువి వేసుకునే రోజుల్లో నెలసరి వస్తుంది. మధ్యలో ఖాళీ లేకుండా తర్వాతి రోజే కొత్త షీటు మొదలుపెట్టాలి.

ఎవరు వేసుకోకూడదు, లేదా డాక్టర్‌ని అడగకుండా అస్సలు మొదలుపెట్టకూడదు అంటే:

1. బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లు. బీపీ చూడకుండా ఈ గోలీ మొదలుపెట్టొద్దు. అయిదు నిమిషాల పని అది.

2. ఇంతకుముందు కాళ్లల్లో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, పక్షవాతం, గుండెజబ్బు ఉన్నవాళ్లు. ఇంట్లో అమ్మకో అక్కకో చిన్న వయసులో గడ్డ కట్టి ఉంటే అది కూడా చెప్పాలి.

3. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లు. మన ఏజెన్సీ పిల్లలకి ఇది అందరికంటే ముఖ్యం. జబ్బు వేరు, వాహకులు కావడం వేరు. కార్డులో ఏది రాసి ఉందో చూసుకోండి. ఏది ఉన్నా డాక్టర్‌కి చెప్పండి.

4. కళ్ల ముందు మెరుపులు, గీతలు కనిపించి ఆ తర్వాత వచ్చే ఒకవైపు తలనొప్పి ఉన్నవాళ్లు.

5. కామెర్లు, కాలేయ జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు.

6. పాలిచ్చే తల్లులు, బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా.

7. 35 ఏళ్లు దాటి పొగ తాగేవాళ్లు. మన గూడేల్లో చుట్ట, బీడీ తాగే అమ్మలు ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు. సిగరెట్టు మాత్రమే పొగ కాదు.

8. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ వాడుతున్నవాళ్లు. ఆ మందు ఉంటే గోలీ సరిగ్గా పనిచేయదు, గర్భం నిలవొచ్చు. ఫిట్స్‌కి వాడే కొన్ని మందులు కూడా అంతే. మామూలు జ్వరానికి, దెబ్బకి ఇచ్చే యాంటీబయాటిక్స్‌తో ఈ ఇబ్బంది లేదు.

వేసుకునేవాళ్లు ఎట్లా వేసుకోవాలి? నెలసరి మొదలైన అయిదు రోజుల లోపు మొదలుపెట్టాలి. రోజూ ఒకే టైముకి వేసుకోవాలి. మా హాస్టల్లో ఒక అక్క రాత్రి భోజనం బెల్లు కొట్టగానే వేసుకునేది, ఎప్పుడూ మర్చిపోలేదు. ఒకటి మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, ఆ రోజుది దాని టైముకి వేసుకోవాలి. ఒకే రోజు రెండు వేసుకోవాల్సి వచ్చినా పర్వాలేదు. తెల్లవి వరుసగా రెండు, అంతకంటే ఎక్కువ మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేసుకుని మిగతావి మామూలుగా కొనసాగించాలి. ఏడు రోజులు కండోమ్ తప్పనిసరి. ఆ మర్చిపోయింది తెల్ల గోలీల చివరి వారంలో అయితే ముదురువి వదిలేసి నేరుగా కొత్త షీటు మొదలుపెట్టాలి. మొదటి వారంలో మర్చిపోయి ఆ రోజుల్లో కలిసి ఉంటే ఏఎన్ఎం మేడంని ఆ రోజే కలవాలి. గోలీ వేసుకున్న రెండు గంటల లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి.

మొదటి రెండు మూడు నెలలు వికారం, కొంచెం తలనొప్పి, మధ్యమధ్యలో చుక్కలు చుక్కలుగా రక్తం కనిపించడం మామూలే. చాలామంది ఇక్కడే భయపడి మానేస్తారు. "గోలీలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరు" అనేది మన ఊళ్లల్లో అందరూ నమ్మే మాట. అది నిజం కాదు. ఆపేశాక మళ్లీ అండం విడుదల అవుతుంది, గర్భం వస్తుంది. పైగా నెలసరిలో పోయే రక్తం తగ్గుతుంది కాబట్టి రక్తహీనత ఉన్నవాళ్లకి మేలు కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మా రూములో చూసుకుంటే ఆ లెక్క నమ్మడం కష్టం కాదు.

ఇవి కనిపిస్తే మాత్రం ఆగొద్దు: ఒక కాలి పిక్క మాత్రమే నొప్పి, వాపు, వేడి. ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం. ఎప్పుడూ లేనంత తలనొప్పి. చూపు మసకబారడం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యో కాలో బలం లేకపోవడం. భరించలేని కడుపునొప్పి. కళ్లు పచ్చబడటం. గోలీ ఆపి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి. కాలు పిసకొద్దు. ఫలానా గోలీ వాడుతున్నా అని డాక్టర్‌కి చెప్పాలి. పక్కన ఎవరున్నా సరే చెప్పాలి, లేదా "మేడం, ఒక్కరే మాట్లాడాలి" అని అడగాలి.

భయం ఎంత పెట్టుకోవాలో కూడా లెక్క ఉంది. గోలీ వాడని పదివేల మంది ఆడవాళ్లలో ఏడాదికి 1 నుంచి 5 మందికి ఇట్లా గడ్డ కడుతుంది. వాడేవాళ్లలో 3 నుంచి 9 మందికి. గర్భంతో ఉన్నవాళ్లలో 5 నుంచి 20 మందికి. అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లకి గోలీ వల్ల వచ్చే ప్రమాదం గర్భం వల్ల వచ్చే ప్రమాదం కంటే తక్కువే. మా స్నేహితురాలు ఈ లెక్కలో లేదు. ఆమె జబ్బు వేరు. అందుకే ముందు అడగాలి అంటున్నాం.

అట్లాగే గోలీ మీద అతి నమ్మకం కూడా వద్దు. ఒక్కటి కూడా తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో 100 మందిలో ఒకరికి కూడా గర్భం నిలవదు. కానీ మనుషులు మర్చిపోతారు కాబట్టి మామూలుగా వాడేవాళ్లలో 100కి 7 మందికి నిలుస్తుంది. హెచ్ఐవీ, సుఖవ్యాధులను గోలీ ఆపదు. వాటికి కండోమే.

ఇంకో పెద్ద గందరగోళం. షాపులో "ఆ గోలీ" అంటే నాలుగు రకాలు ఉన్నాయి, నాలుగూ వేరు.

రోజూ వేసుకునేది ఒకటి, పైన చెప్పాం. రెండోది ఎమర్జెన్సీ గోలీ. కలిసిన 72 గంటల లోపు ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. ఆశా అక్కల దగ్గర కూడా ఉంటుంది. ఇది ఎప్పుడో ఒకసారికి, ప్రతిసారీ వాడేది కాదు. అప్పటికే నిలిచిన గర్భాన్ని ఇది తీసెయ్యదు. వేసుకున్నాక నెలసరి వారం కంటే ఆలస్యమైతే పరీక్ష చేసుకోవాలి.

మూడోది నెలసరిని వెనక్కి జరిపే గోలీ. జాతరకి, పెళ్లికి, పరీక్షలకి మన పిల్లలు ఎక్కువ వాడేది ఇదే. సమ్మక్క జాతర వచ్చిందంటే షాపుల దగ్గర దీనికోసమే నిలబడతారు. అందులో ఉండే నొరెథిస్టిరాన్ గర్భాన్ని ఆపుతుందని నమ్మి మోసపోవద్దు. శరీరంలో అది కొంత ఈస్ట్రోజన్‌గా మారుతుంది కూడా. గడ్డల భయం ఉన్నవాళ్లు దీన్ని కూడా అడగకుండా వేసుకోకూడదు. ఆ తల్లులు మనలాంటి ఆడవాళ్లే. నెలసరి వచ్చిందని వాళ్లు మనల్ని పొమ్మంటారా అని మాకైతే అనుమానమే. దాని మీద ఇంకోసారి రాస్తాం.

నాలుగోది గర్భం తీసే గోలీల కిట్టు. ఇది మందుల షాపులో కొనుక్కుని హాస్టల్ బాత్రూములో వేసుకునేది కాదు. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో ఉంటే, లేదా ముందే రక్తం తక్కువగా ఉంటే ప్రాణం మీదకి వస్తుంది. 1971 చట్టం, 2021లో చేసిన మార్పులు ఉన్నాయి. 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. కొన్ని సందర్భాల్లో 24 వారాల దాకా అవకాశం ఉంది, పెళ్లి కాలేదని దాన్ని కాదనడానికి వీల్లేదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. 18 నిండిన ఆడపిల్లకి తన సంతకం చాలు. ఆమె పేరు బయటపెట్టడం నేరం. ఈ విషయం తెలియకే ఎంతమంది పసరు మందులకి పోతున్నారో మన గూడేల్లో అడగండి.

హార్మోన్ గోలీ సరిపడనివాళ్లకి వేరే దారులు ఉన్నాయి. ఛాయా అనే గోలీలో హార్మోన్ లేదు. లక్నోలో మన దేశపు శాస్త్రవేత్తలు తయారు చేసిన మందు అది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి. పీసీఓడీ, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకి ఇది కూడా పనికిరాదు. మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్ ఉంది, కాపర్ టీ ఉంది. సికిల్ ఉన్నవాళ్లకి ఏది సరిపడుతుందో డాక్టర్ చూసి చెప్పాలి.

ఇక మన గ్రూపులో కొందరు పెద్దన్నలు అనే మాట. "ఇవన్నీ మన జనాభా తగ్గించడానికి బయటోళ్లు చేసే పనులు." ఈ మాటని మేము కొట్టిపారెయ్యం. అనుమానానికి కారణాలు ఉన్నాయి. 2009లో మన ఖమ్మం జిల్లాలోనే, భద్రాచలం వైపు మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేసి పరిశీలించే ప్రాజెక్టు నడిచింది. హాస్టళ్లలో ఉన్న పిల్లల తరఫున చాలాచోట్ల వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో ఆపేశారు. 2013లో పార్లమెంటు కమిటీ దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా ఈరోజు ప్రపంచమంతా వేస్తున్నారు, క్యాన్సర్‌ని ఆపే టీకా. గొడవ టీకాతో కాదు. అమ్మానాన్నల్ని అడగకుండా వార్డెన్ సంతకంతో మన ఒంటి మీద పని జరగడంతో. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే క్యాంపులో 83 మంది ఆడవాళ్లకి కొన్ని గంటల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ వారం ఆ జిల్లా క్యాంపుల్లో ఆపరేషన్ అయినవాళ్లలో పదిమందికి పైగా చనిపోయారు.

కానీ దీనికి రెండో వైపు కూడా ఉంది, అది మనం మాట్లాడుకోం. 1979లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం బైగాల లాంటి ఆదిమ తెగలకి ఈ ఆపరేషన్లు చెయ్యకూడదని ఉత్తర్వు ఇచ్చింది. తెగ తగ్గిపోతుందని. పిల్లలు చాలు, ఇక వద్దు అని వచ్చిన బైగా ఆడవాళ్లని ఏళ్ల తరబడి తిప్పి పంపారు. చివరికి వాళ్లే కోర్టుకి పోవాల్సి వచ్చింది. ఒకచోట అడగకుండా చేశారు. ఇంకోచోట అడగకుండా ఆపారు. తెగ జనాభా పెంచే బాధ్యత మా కడుపు మీద పెట్టే అన్నలు ఈ రెండో రకం. జనాభా గురించి బెంగ ఉంటే కాన్పుల్లో చనిపోయే తల్లుల గురించి, జ్వరాలకి పోయే పిల్లల గురించి కొట్లాడుదాం, మేము ముందు నిలబడతాం.

అన్నలూ, తమ్ముళ్లూ, ఇప్పుడు మీ వంతు. అదే జాతీయ సర్వేలో ఆడవాళ్ల ఆపరేషన్ 37.9 శాతం ఉంటే మగవాళ్ల ఆపరేషన్ 0.3 శాతం. మగవాళ్లకి అది చిన్న పని, ఆడవాళ్ల ఆపరేషన్ కంటే సులువు, ప్రమాదం తక్కువ. ఎన్ని తరాలుగా మన అమ్మలే కడుపు కోయించుకుంటున్నారో ఇంట్లో అడగండి. కండోమ్ కొనడానికి మీకు సిగ్గు, మాకు మాత్రం గోలీ అడగడానికి సిగ్గు ఉండకూడదా? "నువ్వు గోలీ వేసుకో, ఏం కాదు" అని చెప్పేవాళ్లు ఆ అమ్మాయి బీపీ ఎంతో, సికిల్ కార్డులో ఏముందో తెలుసుకుని చెప్పారా? సంఘం మీటింగుల్లో జల్ జంగల్ జమీన్ అని నినాదం ఇచ్చేటప్పుడు మన ఒళ్లు కూడా మన భూమి లాంటిదే అని మర్చిపోవద్దు.

మనం సంఘంగా అడగాల్సినవి నాలుగే. ప్రతి గిరిజన హాస్టల్‌కి నెలకి ఒకసారైనా ఏఎన్ఎం వచ్చి కూర్చోవాలి, బీపీ మిషన్‌తో, రక్తం పరీక్ష సామానుతో. ఆమెతో మాట్లాడేటప్పుడు వార్డెన్ గానీ ఇంకెవరు గానీ పక్కన ఉండకూడదు, ఎవరు ఏం అడిగారో రిజిస్టర్‌లో పేరుతో అందరికీ కనిపించకూడదు. సికిల్ పరీక్ష చేస్తే ఫలితం ఆ పిల్లకి అర్థమయ్యేలా, ఆమె భాషలో చెప్పాలి. కార్డు చేతిలో పెట్టి పోతే సరిపోదు. 2023 జులై 1న దేశమంతా సికిల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు, 2047 నాటికి లేకుండా చేస్తామన్నారు. కార్డు చదివి చెప్పే మనిషి లేకపోతే ఎట్లా? నాలుగోది, ఇవే మాటలు మగపిల్లల హాస్టల్లో కూడా చెప్పాలి.

ఇవి వచ్చేదాకా ఆగక్కర్లేదు. మన ఇళ్లల్లో మొదట చదువుకున్నది మనమే. మందు కవరు మీద ఏం రాసిందో అమ్మ మనల్నే అడుగుతుంది. పక్కింటి వదిన మనల్నే అడుగుతుంది. మనకే తెలియకపోతే ఆ గూడెంలో ఇంకెవరికీ తెలియదు. షాపులో షీటు ఇస్తే డబ్బా అడగండి, లోపలి కాగితం అడగండి, ఎక్స్‌పైరీ చూడండి. ఒకరికి రాసిన గోలీ ఇంకొకరు ఫోటో తీసుకుని కొనొద్దు. షాపు అన్న అడగకపోతే మనమే చెప్పాలి: "అన్నా, నాకు ఫలానా ఉంది, ఇది పడుతుందా?" ఆయనకి తెలియకపోతే కొనకుండా సబ్‌సెంటర్‌కి పోవాలి.

మా ఆరో పిల్ల ఈ పోస్టు మొత్తం చదివింది. ఆమె పెట్టిన షరతుల్లో మొదటిది తన పేరు రాయొద్దని. రెండోది ఆమె మాటల్లోనే రాస్తున్నాం: "గోలీ చెడ్డదని రాయకండే. నన్ను ఎవరూ ఏమీ అడగలేదని రాయండి."

రాశాం.

ఈసారి పండగకి ఇంటికి పోయినప్పుడు ఒక పని చెయ్యండి. నాన్న ట్రంకు పెట్టె తెరిచి ఆ కార్డు ఉందేమో వెతకండి. మీదే కాదు, చెల్లిది, తమ్ముడిది కూడా. ఏం రాసిందో చదివి ఇంట్లో అందరికీ మన భాషలో చెప్పండి. కార్డే లేకపోతే పీహెచ్‌సీకి పోయి పరీక్ష చేయించుకోండి. మాలో ముగ్గురం చేయించుకున్నాం, మిగతా ఇద్దరం వచ్చే వారం పోతున్నాం.

జోహార్.